తరగతి యంగడి – లెక్కకెక్కని కష్టము

పాఠశాలలందు వర్తకమును సైతము ఒక పాఠముగా నేర్పవలయునను ఉత్సాహము నేడు దేశమున హెచ్చుచున్నది. తరగతిలోని బాలబాలికలను ఐదుగురు చొప్పున జట్లుగా విభజింతురు. ఒక్కొక్క జట్టు ఒక వ్యాపారమును కల్పించుకొని, దానికొక పేరు పెట్టి, పెట్టుబడి సమకూర్చుకొని, సరకు సిద్ధపరచి, నిర్ణయించిన దినమున పాఠశాల ఆవరణమున అంగడి తెరువవలయును. సాయంకాలమునకు ఏ జట్టునకు లాభ మెక్కువ వచ్చెనో ఆ జట్టునకు బహుమానము. ఇందుచేత పిల్లలకు లోకజ్ఞానము కలుగుననియు, ధైర్యము పెరుగుననియు, ఉద్యోగముకొరకు ఎదురుచూచుచు కూర్చుండు జాడ్యము వదలుననియు దీనిని మెచ్చువారు చెప్పుదురు. ఉద్దేశము మంచిదే. అయినను అంగడి ముగిసిన మరునాడు ఉపాధ్యాయుని మొగమున విసుగును, తల్లి మొగమున అలసటయు, పిల్లల నడుమ తగవును ఏల మిగులుచున్నవో విచారింపక, ఉద్దేశమును మాత్రము పొగడి ఊరకుండుట విమర్శకు ధర్మము కాదు.

వర్తకమును బడిలో నేర్పరాదని నా వాదము కాదు. చదువు ఉన్నతమనియు వర్తకము నీచమనియు తలచిన కాలము గతించినది, గతించుటే మేలు. నా ఆక్షేపణ వేరు. తరగతి యంగడిలో వ్రాయబడు లెక్క సత్యమైనది కాదు. అందు లాభమని చూపబడునది పెక్కుమారులు లాభమే కాదు; ఇంటివారి కష్టమును లెక్కలో చేర్చకుండుటచేత మిగిలినట్లు కనబడు అంకె మాత్రమే. తక్కిన చికాకులలో అధికభాగము ఈ యొక్క దోషమునుండియే పుట్టుచున్నవి. దీనిని సవరించినయెడల ఈ పాఠము మన పిల్లలకు మిక్కిలి ఉపకరింపగలదు. సవరింపనియెడల అది నేర్పునది వర్తకము కాదు, అబద్ధపు లెక్క.

ఈ పద్ధతి క్రొత్తది కాదు. అమెరికా దేశమున 19వ శతాబ్ద మధ్యమునుండియే వాణిజ్య కళాశాలలు తరగతి గదులలో బ్యాంకులను, కొట్లను, కచేరీలను కల్పించి విద్యార్థులచేత క్రయవిక్రయములు నడిపించెడివి. న్యూయార్కు రాష్ట్రమున పొకీప్సీ పట్టణమునందు 1859లో స్థాపింపబడిన ఈస్ట్‌మన్ కళాశాల ఇందుకొరకు తన పేరిట నోట్లను గూడ అచ్చువేయించెను. ఆ నోట్లకు బజారులో విలువ లేదు. కాని వానితో జరిగిన బేరములను విద్యార్థి చిట్టాలో వ్రాసి, ఆవర్జాకు ఎక్కించి, జమాఖర్చు సరిచూచుటయే ఆ చదువునకు సారము. అనగా డబ్బు కల్పితము. లెక్క మాత్రము నిజము. తరువాత 1919లో మసాచుసెట్సు రాష్ట్రమున స్ప్రింగ్‌ఫీల్డు నగరమున జూనియర్ అచీవ్‌మెంట్ అను సంస్థ ఆరంభమయ్యెను. పిల్లలు చిన్నచిన్న వాటాలమ్మి మూలధనము చేర్చి, నిజమైన వస్తువులు చేసి, నిజమైన సొమ్మునకు అమ్మి, గడువు తీరినపిమ్మట కంపెనీని మూసివేసి, వాటాదారులకు లెక్క ఒప్పగించు పద్ధతి ఆ సంస్థలో రూపొందెను. పనిచేసిన పిల్లలకు స్వల్పముగనైనను వేతనము కట్టి దానిని ఖర్చు పద్దున వ్రాయుట ఆ పద్ధతిలో ఒక భాగముగా నుండెను. ఈ చిన్న విషయమును పాఠకులు జ్ఞాపకముంచుకొన గోరెదను.

మన దేశమునందును బడికిని బజారునకును సంబంధము కల్పింపవలయునను ఆలోచన పూర్వమునుండి కలదు. 1910లో మచిలీపట్టణమున వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాల పుస్తకవిద్యతోపాటు చేతిపనులను నేర్పెను. 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యాసభలో గాంధీమహాత్ముడు చేతిపని కేంద్రముగా గల మౌలిక విద్యను ప్రతిపాదించెను. జాకిర్ హుసేన్ అధ్యక్షతను ఏర్పడిన సంఘము సిద్ధపరచిన ప్రణాళికలో దినమునకు 3 గంటల 20 నిమిషములు చేతిపనికి కేటాయింపబడినవి. పిల్లలు చేసిన వస్తువుల వెల ఉపాధ్యాయుని జీతమునకు ఆధారము కావలయునని ఆశించిరి. బడిపిల్లల సరకు బజారుకెక్కినచో ఆ పనినే నమ్ముకొన్న పేదవారితో పోటీ కలుగునని ఆచార్య కె. టి. షా ఆక్షేపించెను. ధనదృష్టి ప్రబలి విద్యాదృష్టి సన్నగిల్లు ప్రమాదము కలదని ఆ సంఘమే తన నివేదికలో హెచ్చరించెను. ఇటీవల 2021లో ఢిల్లీ ప్రభుత్వము తన పాఠశాలలలో 11, 12 తరగతుల విద్యార్థులకు తలకు 2000 రూపాయల మూలధనమిచ్చి వ్యాపారముల నారంభింపజేసి, కొన్ని జట్లను పెట్టుబడిదారుల యెదుట నిలిపి టెలివిజనులో చూపించెను.

వార్ధా విధానమునకు వచ్చిన ఆక్షేపణ, అది పిల్లవాని శ్రమకు వెల కట్టుటలో మితిమీరెననుట. నేటి తరగతి యంగడిపై నా ఆక్షేపణ దీనికి విపరీతమైనది. ఇందు ఎవరి శ్రమకును వెల లేదు.

ఒక ఉదాహరణమును కల్పించి చూతము. ఒక జట్టు సున్నుండలు అమ్మదలచినదనుకొందము. మినుములు 1 కిలో 130 రూపాయలు, బెల్లము 1 కిలో 60 రూపాయలు, నెయ్యి అరకిలో 350 రూపాయలు, వెరసి ఖర్చు 540 రూపాయలు. ఉండలు 60 వచ్చినవి. ఒక్కొక్కటి 12 రూపాయల చొప్పున అమ్మగా వచ్చిన సొమ్ము 720 రూపాయలు. లాభము 180 రూపాయలు. అట్టమీద రంగు సిరాతో ఈ అంకె వ్రాయబడును; చప్పట్లు మ్రోగును.

ఇప్పుడు ఇంటిలోనికి పోయి చూతము. మినుములు బాగుచేసి దోరగా వేయించినదెవరు? మరకు పంపి పిండి పట్టించినదెవరు? బెల్లము తురిమి, నెయ్యి కాచి, వేడి చల్లారకుండ ఉండలు కట్టినదెవరు? తల్లి 4 గంటలును, నాయనమ్మ 2 గంటలును ఆ పనిలో నుండిరి. గంటకు 50 రూపాయలని తక్కువగానే వేసినను ఇది 300 రూపాయల కష్టము. గ్యాసు, మరకూలి, కాగితపు పళ్లెములు కలిసి మరి 40 రూపాయలు. ఇవి చేర్చిన పిమ్మట ఖర్చు 880 రూపాయలు, వచ్చినది 720. కావున 180 రూపాయల లాభము కాదు, 160 రూపాయల నష్టము. అంతియు గాదు. సాయంకాలమునకు 10 ఉండలు మిగులగా, పిల్లల మొగములు చిన్నబోవుట చూడలేక ఉపాధ్యాయిని వానిని 120 రూపాయలకు తానే కొనెననుకొందము. ఆ జాలిని తీసివేసినచో నష్టము 280 రూపాయలు. ఈ జట్టునకు బహుమానము వచ్చినదనుకొనుడు. పిల్లలు నేర్చుకొన్నదేమి? తల్లి కష్టమునకు వెల లేదనియు, వెల లేని కష్టము ఎంత ఎక్కువ వాడుకొన్న అంత లాభమనియు నేర్చుకొనిరి.

ఈ తప్పుడు లెక్కనుండి చికాకు లెట్లు పుట్టుచున్నవో క్రమముగా చూడవచ్చును. మొదటిది జట్టులోని తగవు. ఐదుగురిలో ఇద్దరు పనిచేయుదురు, ఒకడు పేరుపలకకు రంగు వేయును, ఇద్దరు తిరుగుదురు. మార్కులు మాత్రము ఐదుగురికిని సమానము. పనిచేసిన పిల్ల ఏడ్చును, పనిచేయనివాడు నవ్వును. ఉపాధ్యాయుడు ఇరువురిని మందలించి ఊరకుండును. ఎవరెన్ని గంటలు పనిచేసిరో వ్రాయు పుస్తకము లేనిచోట తీర్పు చెప్పుట ఎవరి తరము?

రెండవది పనుల పంపకము. కందుకూరి వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున 1874లో బాలికా పాఠశాలను స్థాపించిరి. ఆడుపిల్లకు అక్షరము చెప్పుటయే తప్పని వాదించిన ఊళ్లలో నేడు బాలికలు బాలురతో సమముగా కూర్చుండి చదువుచున్నారు. అట్టి తరగతిలోనే అంగడి పెట్టుమనగా, ఎవరును ఆజ్ఞాపింపకయే, బాలికలు వంటపనికిని బాలురు డబ్బుపెట్టెకును చేరుట చూచుచుందుము. బాలుడు యజమాని యగును, బాలిక వడ్డించును. నూటయేబది యేండ్ల సంస్కారము ఒక్క మధ్యాహ్నమున మరచిపోయినట్లగును. ఇదియు లెక్కలో శ్రమకు చోటు లేకపోవుటవలననే. సొమ్మును తాకినవాడే వ్యాపారము చేసినవాడని ఎంచునపుడు వండినదాని పని పని యనిపించుకొనదు.

మూడవది ఇంటింటి భేదము. తీరిక గల తల్లి, చేతిలో సొమ్ము గల తండ్రి, కొనుటకు వచ్చు బంధువులు, ఈ మూడును గల పిల్ల గెలుచును. నాట్లకాలమున తెల్లవారకముందే చేలకు పోవు కూలితల్లి బిడ్డ ఆ దినమున ఏమి తేగలడు? వానికి తెలివి తక్కువ కాదు; వాని తల్లికి 4 గంటలు తక్కువ. ఆ గంటలు లెక్కకెక్కవు గనుక వాని ఓటమి వాని అసమర్థతగా కనబడును. బడి యెదుట దినదినము జామకాయలమ్ము స్త్రీకి అతడే కొడుకైనను కావచ్చును. వర్తకమునుగూర్చి ఆ తరగతిలో అందరికంటె ఎక్కువ ఎరిగినవాడే అప్పుడు వర్తకపు పాఠమున తప్పినవాడగును.

నాలుగవది ఉపాధ్యాయుని విసుగు. నలుబది యేబదిమంది గల తరగతి, ముప్పాతిక గంట కాలము, నెల తిరుగకముందే పరీక్ష. ఇట్టి స్థితిలో పిల్లలు తెచ్చిన లెక్కలను తల్లితండ్రుల సహాయముతో చక్కగా ముగించినవనియే ఒప్పుకొనవలసివచ్చును. నష్టము చూపిన జట్టు కనబడదు. నష్టము చూపినచో మార్కు పోవునని పిల్లల కెరుకయే. పదునాలుగేండ్ల బాలుడు మొదటిసారిగా జమాఖర్చు వ్రాయునపుడే దానిని దిద్దుట నేర్చుకొనుచున్నాడు. ఇంతకంటె విచారకరమైన విద్య యేమున్నది?

మన గోదావరీ మండలముల పిల్లలకు నష్టమనగా తెలియనిది కాదు. కోనసీమలో కొబ్బరి ధర పడిపోయిన యేడు ఇంటిలో ఏ ఖర్చు తగ్గునో పిల్లలకు తెలియును. భీమవరము చుట్టును రొయ్యల చెరువుల నమ్ముకొన్న ఇండ్లలో కిలోకు ఎన్ని తూగునను లెక్కను బట్టి ధర మారుననియు, ఆ ధర చెరువుగట్టున కాక సముద్రముల కావల నిర్ణయమగుననియు పిల్లలు వినుచునే పెరుగుదురు. 2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వము భారతదేశపు సరకులపై సుంకమును 50 శాతమునకు పెంచినపుడు ఆ దెబ్బ ఇచ్చటి చెరువులకు తగిలినది. కడియపులంకలో మొక్కలు పెంచువారికి గాలివానయు, వరి పండించువారికి కోతలనాటి వానయు ఎట్టి నష్టము తెచ్చునో చెప్పనక్కరలేదు. ఇట్టి ఇండ్లనుండి వచ్చిన పిల్లలచేత, ధర తామే వేసికొనుటయు, అరువు లేకుండుటయు, మిగిలినది అయ్యవారు కొనుటయు, ఎన్నడును నష్టము రాకుండుటయు గల వర్తకమును ఆడించుట, వారు ఎరిగినదానిని మరపించుటయే గదా.

ఇది పిల్లలాట, దీనికింత విచారణ యేల యని కొందరనవచ్చును. గుజ్జనగూళ్ళు ఆట, దానికి మార్కులు లేవు, బహుమానము లేదు. ఎవరును దానిని విమర్శింపరు. మార్కు వేసి, గెలుపు ఓటములు నిర్ణయించి, ఇదియే లోకరీతి యని బోధించినపుడు అది ఆట కాదు, పాఠము. పాఠమునందలి తప్పు జీవితమంత వెంటవచ్చును.

ఆ తప్పు ఎంత దూరము రాగలదో చూచుటకు మనము నరసాపురము దాటి పోనక్కరలేదు. ఆ ప్రాంతమున 19వ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు నేర్పిన లేసు అల్లిక క్రమముగా పెద్ద ఎగుమతి వ్యాపారమయ్యెను. చుట్టుప్రక్కల గ్రామములలో వేలకొలది స్త్రీలు ఇంటి అరుగులమీద కూర్చుండి దారము అల్లిరి. వారి లేసు సముద్రములు దాటి పోయెను. జర్మను పండితురాలు మారియా మీస్ ఆ స్త్రీలనుగూర్చి పరిశోధించి 1982లో ఒక గ్రంథమును ప్రకటించెను. దినమునకు చాల గంటలు అల్లుచున్నను వారిని పనివారుగా ఎవరును గణింపలేదనియు, ఇంటిలో కూర్చున్న ఇల్లాండ్రు తీరిక వేళ చేయు పనిగానే చూచిరనియు, అందుచేత వారికి వచ్చినది పొలముకూలికంటె తక్కువ యనియు, వ్యాపారమును లాభమును పురుషుల చేతిలో నుండెననియు ఆమె చూపెను. లేసు అల్లిన స్త్రీలకు లోపించినది నేర్పు కాదు, ఓర్పు కాదు. వారి గంటలు ఏ పద్దునను ఎక్కలేదు. అంతే.

తరగతి యంగడిలోని సున్నుండల లెక్కకును ఈ లేసు లెక్కకును భేదమేమి? పరిమాణమున భేదమే కాని స్వభావమున కాదు. అమ్మ చేసినది గనుక ఖర్చు లేదని నేడు వ్రాసిన బాలుడు, రేపు ఆత్రేయపురమున పూతరేకులు చుట్టించు వ్యాపారియైనను, మరియొక ఊర ఇంటిలో కుట్టుపని చేయించు గుత్తదారైనను, ఇంట కూర్చుండి చేయునది గనుక ఇంత చాలునని స్త్రీలతో చెప్పక మానునా? బడిలో నేర్చిన లెక్కనే గదా అతడు వాడును.

తల్లి వాత్సల్యమును రూపాయలతో తూచవచ్చునా యని మరియొక ఆక్షేపణ. ఇది హృదయమునుండి వచ్చిన మాట గనుక దీనికి సమాధానము మర్యాదతో చెప్పవలయును. బిడ్డ ఆకలిగొన్నపుడు తల్లి పెట్టిన ముద్దకు ఎవరును వెల కట్టమనలేదు. కాని అదే తల్లి చేసిన ఉండను బిడ్డ 12 రూపాయలకు అమ్మినాడు. వెల కట్టినది మనము కాదు, అంగడియే. నెయ్యికి వెల వ్రాసి, బెల్లమునకు వెల వ్రాసి, చేతులకు మాత్రము వాత్సల్యమని వ్రాయుట ఆమెను గౌరవించుట యెట్లగును? తల్లికి సొమ్మీయుడని నేను కోరలేదు. ఆమె గంటలను వ్రాయుడని మాత్రమే కోరుచున్నాను. తన పేరు పద్దులో చూచుకొన్న తల్లికి ప్రేమ తగ్గదు. ఆ పద్దు వ్రాసిన బిడ్డకు గౌరవము పెరుగును.

కావున ఈ పాఠమును తీసివేయనక్కరలేదు; దిద్దవలయును. లెక్కపుస్తకమున సరకు ఖర్చు ప్రక్కన మరియొక వరుస గీయించి, ఎవరు ఎన్ని గంటలు పనిచేసిరో, ఇంటివారి గంటలతో సహా, ప్రతిదినము వ్రాయింపుడు. ఆ ఒక్క వరుసచేతనే జట్టులోని సోమరితనమును బయటపడును, కష్టపడినవారికి న్యాయమును జరుగును. ఇంటనుండి తెచ్చిన సొమ్మును బహుమతిగా కాక అప్పుగా వ్రాయించి, తిరిగి చెల్లింపజేయుడు. అమ్ముడుపోని సరకును జాలితో కొనక, మిగిలినదని వ్రాయింపుడు. రెండు సంతలు పెట్టి, మొదటిసారి వంటకు నిలిచినవారిని రెండవసారి డబ్బుపెట్టెకును, డబ్బుపెట్టెవారిని పొయ్యికడకును మార్చుడు. బాలురు మినుములు వేయింతురు గాక. చేతులు కాలినచో పనియొక్క వెల కొంత తెలియును. మార్కులను లాభమునకు కాక లెక్కయొక్క సత్యమునకు వేయుడు. నష్టము వచ్చినది, ఇందుచేత వచ్చినది, అని నిర్భయముగా చదివిన జట్టు, లాభమును చూపి కారణము చెప్పలేని జట్టుకంటె అధికముగా ఎంచబడవలయును.

ఇంకొక పని కూడ చేయవచ్చును. బడి యెదుట అమ్ముకొను స్త్రీని ఒకనాడు తరగతిలోనికి పిలిచి కుర్చీ వేసి కూర్చుండబెట్టుడు. ఆమె ఎన్నిగంటలకు లేచునో, సరకు ఎచ్చట ఎత్తునో, అప్పు ఏ వడ్డీకి తెచ్చునో, వానదినమున ఏమి చేయునో ఆమె నోటనే పిల్లలు వినవలయును. ఏ పాఠ్యపుస్తకమును చెప్పలేని వర్తకశాస్త్రము ఆమె చెప్పగలదు. ఆమె బిడ్డ ఆ తరగతిలో నుండినయెడల ఆనాడు వాడు తలయెత్తి కూర్చుండును.

ఉపాధ్యాయులకు కాలము చాలదనుట నిజము. అయినచో సంతను చిన్నది చేయవచ్చును. నాలుగు వస్తువులు చాలును, పదుగురు కొనువారు చాలును. కుదించుటకు వీలుకానిది లెక్క యొక్కటే. ఇక గృహమున మనము చేయదగినదియు కలదు. పిల్ల లాభమని అట్ట చూపినపుడు మెచ్చుకొనుటకు ముందు, ఇందు అమ్మ కష్టమునకు ఎంత వ్రాసితివని ఒక్క ప్రశ్న అడుగుదము. ఆ ప్రశ్నకు పిల్ల వెదకి వ్రాయు అంకెయే ఆ దినమున బడి నేర్పిన నిజమైన వర్తకము.